ఒకే వారంలో చార్జింగ్ పోయింది, బ్రేకు బిగుసుకుంది: 2004 ఇండికా డీజిల్, హనుమకొండ

పరకాల_దారి | శుక్రవారం, రాత్రి 9.20

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 2004లో కొన్న ఇండికా వీ2 డీజిల్ ఇప్పుడు నా చేతిలో ఉంది. ఏపీ 36 నంబరు, 1,92,000 కిలోమీటర్లు తిరిగింది. పదిహేనేళ్ళ గడువు ముగిశాక ఐదేళ్ళకు ఒకసారి, మళ్ళీ ఇంకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను. అమ్మే ఆలోచన లేదు కనుక ఆ సలహా మాత్రం వద్దు.

పది రోజులుగా రెండు బాధలు పడుతున్నాను. మొదటిది డ్యాష్‌బోర్డు మీది ఎర్రటి బ్యాటరీ దీపం. పగలు కనిపించదు. చీకటి పడ్డాక చూస్తే అగరొత్తి కొసలా సన్నగా వెలుగుతూ ఉంటుంది, పూర్తిగా ఆరదు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజిను బరువుగా రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. బ్యాటరీ పాతబడిందేమోనని గత శనివారం కొత్తది వేయించాను. నాలుగు రోజులు బాగుంది. ఐదో రోజు మళ్ళీ అదే తంతు.

రెండోది నన్ను భయపెట్టింది. బుధవారం అమ్మను ఊరి నుంచి మోకాళ్ళ వైద్యానికి తీసుకొస్తున్నాను. గూడెప్పాడ్ దాటాక ముందు వెళ్తున్న మిర్చి బస్తాల లారీ ఆగింది. బ్రేకు మీద కాలు వేస్తే గోడను తన్నినట్టుంది. పెడల్ దిగలేదు. సీటుకు వీపు ఆనించి బలమంతా పెట్టి తొక్కితే లారీకి రెండు గజాల దూరంలో ఆగాం. అమ్మ ఏమీ అనలేదు. రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకుని అలాగే కూర్చుంది.

ఒక మెకానిక్ బూస్టర్ పోయిందన్నారు. ఇంకొకరు చక్రాలకు బ్రేకు ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ అన్నారు. ఎలక్ట్రీషియన్ బ్యాటరీని చార్జ్ చేసే డైనమో (ఆల్టర్నేటర్) మొత్తం కొత్తది వేయాలన్నారు. ముగ్గురి లెక్కా కలిపితే ఇరవై వేలు దాటుతోంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

నర్సంపేట_మిర్చితోట | శుక్రవారం, రాత్రి 9.48

తమ్ముడూ, ముందు ఆ కొత్త బ్యాటరీని కొన్నచోటికే తీసుకెళ్ళి పరీక్ష చేయించు. కొత్తవాటిలోనూ ఒక సెల్లు చచ్చినవి వస్తాయి. ఇక బ్రేకు సంగతి, డబ్బాలో నూనె తగ్గి ఉంటుంది. ఇంట్లో ఏ నూనె ఉంటే అది కొంచెం పోసి చూడు. ట్రాక్టరు విషయంలో మేము అంత పట్టింపు పెట్టుకోము.

ఆటోనగర్_వైండింగ్ | శుక్రవారం, రాత్రి 10.05

అన్నా, ఆ రెండో సలహాను దయచేసి ఎవరూ పాటించకండి. చాలా ట్రాక్టర్లలో బ్రేకులు ట్రాన్స్‌మిషన్ నూనెలోనే మునిగి ఉంటాయి, వాటి పద్ధతి వేరు. కారు బ్రేకు డబ్బాలో పోసేది ఇంజినాయిల్ లాంటి ఖనిజ తైలం కాదు, గ్లైకాల్‌తో చేసిన డాట్ 3 లేదా డాట్ 4 ద్రవం. అందులో ఒక్క చెంచా ఇంజినాయిల్ కలిసినా మాస్టర్ సిలిండర్ మొదలు చక్రాల దాకా ఉన్న రబ్బరు కప్పులన్నీ ఉబ్బిపోతాయి. ఉబ్బిన కప్పు వెనక్కి రాదు, బ్రేకు పట్టేసి ఉండిపోతుంది. నా షెడ్డుకు అలా వచ్చిన బండికి మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల రబ్బర్లు, గొట్టాలు అన్నీ మార్చాల్సి వచ్చింది.

పరకాల_దారి గారూ, మీ దగ్గర మల్టీమీటర్ ఉందా? లేకపోతే మూడు నాలుగు వందలకు దొరికేదైనా చాలు. కొనండి. కొలతలు లేకుండా నేను ఏమి చెప్పినా అది ఊహే అవుతుంది. ఇరవై ఏళ్ళుగా డైనమోలు విప్పుతున్నాను, అయినా మూత తీయకముందు కొలవకుండా ఏ మాటా చెప్పను.

నర్సంపేట_మిర్చితోట | శుక్రవారం, రాత్రి 10.20

మంచిది తమ్ముడూ, తెలియక రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే నూనె పోయకండి.

కరీంనగర్_పద్మిని | శుక్రవారం, రాత్రి 11.02

ఇరవై ఏళ్ళు దాటిన బండికి ఒకేసారి రెండు జబ్బులు రావడం వింత కాదు. నా పద్మినికి ఒకే నెలలో రేడియేటరూ పోయింది, క్లచ్చూ పోయింది. వాటి మధ్య సంబంధమేమీ లేదు. కాబట్టి రెండింటినీ విడివిడిగా చూడటం మేలు. ముందు బ్రేకు చూడండి, చార్జింగ్ తరువాత.

కాజీపేట_డీజిల్‌షెడ్ | శనివారం, ఉదయం 6.10

నేను రైల్వేలో డీజిల్ ఇంజన్ల షెడ్డులో పనిచేసి రిటైరైనవాణ్ణి. పై మిత్రుడు చెప్పింది పెట్రోలు బండికి నిజం. డీజిల్ బండికి, అందులోనూ ఈ ఇండికాకు, నిజం కాదు. ఇక్కడ రెండు జబ్బులకూ మూలం ఒకటే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

కాలి బలం ఒక్కటే చాలదు కనుక పెడల్‌కూ మాస్టర్ సిలిండర్‌కూ మధ్య పెద్ద పళ్ళెం లాంటి బూస్టర్ పెడతారు. దాని లోపల ఒక పొర ఉంటుంది. దానికి రెండు వైపులా గాలి పీల్చేసి ఉంచితే, తొక్కినప్పుడు ఒక వైపు బయటి గాలి వచ్చి పొరను నెడుతుంది. ఆ నెట్టుడే మన కాలికి తోడు. మరి గాలి పీల్చేది ఎవరు? పెట్రోలు ఇంజినులో గాలి దారికి అడ్డంగా థ్రాటిల్ రేకు ఉంటుంది కాబట్టి, దాని వెనుక మానిఫోల్డులో ఎప్పుడూ పీల్పు ఉంటుంది. అక్కడి నుంచి గొట్టం లాగితే సరిపోతుంది. పాత డీజిల్ ఇంజినులో ఆ రేకే లేదు. గాలి నిండుగా లోపలికి పోతుంది, వేగాన్ని శాసించేది డీజిల్ కొలత మాత్రమే. అందుకని దీనికి విడిగా ఒక వాక్యూమ్ పంపు కావాలి.

ఇప్పుడు అసలు మాట. మీ బండిలో ఆ పంపు డైనమో వీపు మీద కూర్చుని ఉంటుంది. రెండింటికీ ఇరుసు ఒకటే. పంపు లోపల తిరిగే రెక్కలకు ఇంజినాయిల్ కావాలి కనుక సన్నటి గొట్టంలో నూనె వస్తుంది, లావు గొట్టంలో తిరిగి కిందికి పోతుంది. పంపుకూ డైనమోకూ నడుమ రూపాయి బిళ్ళంత రబ్బరు సీలు ఒక్కటే అడ్డు. ఆ సీలు అరిగితే నూనె డైనమోలోకి పోతుంది, గాలి పంపులోకి వస్తుంది. నూనె పోయినందుకు చార్జింగ్ చెడుతుంది. గాలి వచ్చినందుకు బ్రేకు బిగుస్తుంది.

కొత్త బ్యాటరీ నాలుగు రోజులే ఎందుకు నిలిచిందో కూడా దీంతో తెలుస్తుంది. దాన్ని నింపేవాళ్ళు లేరు, మీరు వాడుకుంటూ పోయారు.

కరీంనగర్_పద్మిని | శనివారం, ఉదయం 7.30

పెద్దాయనకు నమస్కారం. నా బండిలో బూస్టరే లేదు, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. అందుకే ఈ సంగతి నాకు తట్టలేదు. ఒక సందేహం. రైళ్ళలోనూ వాక్యూమ్ బ్రేకులు ఉండేవి కదా, అదీ ఇదీ ఒకటేనా?

కాజీపేట_డీజిల్‌షెడ్ | శనివారం, ఉదయం 8.05

సూత్రం ఒకటే, నడక తలకిందులు. రైలులో గొట్టం పొడవునా వాక్యూమ్ ఉన్నంతసేపు బ్రేకులు వదిలి ఉండేవి. ఎక్కడ గొట్టం తెగినా వాక్యూమ్ పోయి బ్రేకు దానంతటదే పడేది. అంటే చెడినప్పుడు బండి ఆగిపోతుంది. కారులో వాక్యూమ్ పోతే బ్రేకు పడదు, తోడు మాత్రమే పోతుంది. చెడినప్పుడు బండి పోతూనే ఉంటుంది. అందుకే ఈ అబ్బాయి బండి జబ్బు ఏమిటో తేలేవరకు దాన్ని రోడ్డెక్కించకూడదని నా మాట. అమ్మగారిని కొన్నాళ్ళు బస్సులోనో ఆటోలోనో తీసుకురా నాయనా.

ఆటోనగర్_వైండింగ్ | శనివారం, ఉదయం 9.15

పెద్దాయన చెప్పిన దారే నాదీ. అయినా కొలిచి నిర్ధారించుకుందాం. ఇంటి ముందే చేయగలిగిన పరీక్షలు ఇవి.

ఇంజిను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ మీద మీటరు పెట్టండి. పూర్తిగా నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. తరువాత ఇంజిను స్టార్ట్ చేసి కొంచెం రేస్ ఇచ్చి చూస్తే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, బ్లోవరు వేసినా 13.5కు తగ్గకూడదు. తరువాత మీటరును ఏసీ వోల్టుల వైపు తిప్పి అక్కడే పెట్టండి. అర వోల్టు దాటితే, డైనమోలో ఏసీని డీసీగా మార్చే డయోడ్ ప్లేటులో ఏదో ఒక డయోడ్ చచ్చిందని అర్థం. సన్నగా వెలిగే దీపానికి చాలాసార్లు అదే కారణం.

డైనమో బాగుండి తీగ చెడినా చార్జింగ్ రాదు. కనుక ఇంజిను తిరుగుతూ, లైట్లు వెలుగుతూ ఉండగా మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, రెండో కొన డైనమో వెనుక లావు తీగ బోల్టు మీద పెట్టండి. 0.3 వోల్టు లోపు ఉండాలి. అలాగే బ్యాటరీ మైనస్‌కూ ఇంజిను దిమ్మెకూ మధ్య చూడండి. ఎర్త్ తీగ కొన తెల్లగా బూజు పట్టి, పైకి బిగుతుగానే కనిపించే బండ్లు ఎన్నో వస్తాయి.

బెల్టు మరచిపోకండి. రెండు కప్పీల నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు సెంటీమీటరు దిగాలి. బెల్టు జారినా డైనమో, పంపు రెండూ నెమ్మదిస్తాయి, మీరు చెప్పిన లక్షణాలే వస్తాయి. సీలు విప్పించే ముందు ఆ అనుమానం తీర్చుకోవాలి.

బ్రేకుకు: ఇంజిను ఆపి పెడల్ ఐదారుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే అదిమి ఉంచి ఇంజిను స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద నెమ్మదిగా కొంచెం దిగితే బూస్టర్‌కు పీల్పు అందుతోంది. దిగకపోతే బూస్టర్ దగ్గరి గొట్టం ఊడదీసి, ఇంజిను తిరుగుతుండగా ఆ కొన మీద బొటనవేలు పెట్టండి. వేలిని గట్టిగా పట్టి లాగాలి. లాగకపోతే తప్పు బూస్టర్‌ది కాదు, పంపుదో గొట్టానిదో.

పరకాల_దారి | ఆదివారం, మధ్యాహ్నం 1.40

మీటరు కొన్నాను. అన్నీ చేశాను, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఇంజిను ఆపి 12.1. ఇంజిను నడుస్తుండగా 12.7. హెడ్‌లైట్లు వేస్తే 12.0, ఇంకా తగ్గుతూ పోయింది. ఏసీ వైపు 0.9. ప్లస్ తీగ మీద 0.1, ఎర్త్ మీద 0.1. బెల్టు సెంటీమీటరు కంటే తక్కువే దిగింది, పగుళ్ళు లేవు.

పెడల్ దిగలేదు. గొట్టం కొన మీద వేలు పెడితే చిన్నపిల్ల ముద్దు పెట్టినంత లాగింది, అంతే.

తరువాత టార్చి పెట్టి డైనమో వెనుక చూశాను. వెనుక మూత చిల్లుల్లోంచి నల్లటి జిగురు కారి, కింద రేకు మీద గడ్డ కట్టి ఉంది. వేలితో తీస్తే కాటుకలా అంటుకుంది, రెండు వేళ్ళ మధ్య రుద్దితే లోపల సన్నని ఇసుకలా గరగరలాడింది. ఇంజినాయిల్ డిప్ స్టిక్ చూస్తే కింది గీత కంటే తక్కువ ఉంది. నూనె మార్చి మూడు నెలలు కూడా కాలేదు.

ఆటోనగర్_వైండింగ్ | ఆదివారం, మధ్యాహ్నం 2.05

ఆ గరగరలాడింది కార్బన్ బ్రష్షుల పొడి. నూనెలో నాని ముద్దయింది. తీగలు బాగున్నాయి, బెల్టు బాగుంది. ఇక సందేహం లేదు, విప్పించండి. డైనమో మొత్తం కొత్తది అవసరం లేదు. లోపల తిరిగే రోటర్ తీగచుట్టను ఓముల్లో కొలవమనండి, మూడు ఓములకు అటూ ఇటూ వస్తే, ఇరుసుకు ఎర్త్ తగలకపోతే అది మంచిదే. కొత్త బ్రష్షులు, కొత్త డయోడ్ ప్లేటు, రెండు బేరింగులు, పంపు సీలు, పంపు రెక్కలు వేయించండి. తిరగకుండా ఉండే స్టేటర్ వైండింగును పెట్రోలులో ముంచి కడగనివ్వకండి, తీగల పైనున్న వార్నిష్ దెబ్బతింటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నిదానంగా ఆరనివ్వాలి.

అన్నిటికంటే ముందు ఇంజినాయిల్ పై గీత దాకా పోయండి. నూనె తగ్గితే పంపుతో ఆగదు, ఇంజిను బేరింగుల దాకా పోతుంది.

ములుగు_టాక్సీ | ఆదివారం, రాత్రి 8.30

పదకొండేళ్ళు ఇండికా టాక్సీ నడిపాను, మేడారం జాతర మూడుసార్లు చూసిన బండి అది. ఇదే బాధ నేనూ పడ్డాను కాబట్టి రెండు మాటలు.

బూస్టర్‌కు పోయే గొట్టం లోపల కూడా వేలు పెట్టి చూడండి. నూనె తడి తగిలితే, నడుమ ఉండే ఒకవైపు కవాటం పనిచేయడం లేదన్నమాట. నూనె బూస్టర్ దాకా పోతే లోపలి పొర ఉబ్బి అదీ పోతుంది. కవాటాన్ని తీసి నోటితో ఊదితే ఒక వైపే గాలి పోవాలి.

రెండోది కుర్ర డ్రైవర్లందరికీ చెబుతున్నాను. తాడ్వాయి అడవి దారిలో పల్లం రాగానే డీజిల్ మిగులుతుందని ఇంజిను ఆపేసి బండిని జారవిడిచేవాళ్ళను చూశాను. ఇంజిను ఆగితే పంపు ఆగుతుంది. బూస్టర్‌లో నిలవ ఉన్న పీల్పు రెండు మూడు తొక్కులకే సరి. నాలుగో తొక్కుకు ఈయన గూడెప్పాడ్ దగ్గర చూసిన గోడే ఎదురవుతుంది, అదీ పల్లంలో. ఎవరూ అలా చేయకండి.

జనగామ_800 | సోమవారం, ఉదయం 10.15

ఈ చర్చ చదివి నాకూ అనుమానం వచ్చింది. నాది 1999 మారుతి 800. చార్జింగ్ దీపం స్టార్ట్ చేయగానే వెలిగి, రెండు నిమిషాలకు ఆరుతుంది, అది వెలిగినంతసేపూ కీచుమని చప్పుడు. బ్రేకు తొక్కితే ఎడమకు లాగుతుంది. నా డైనమోలోనూ నూనె సీలు పోయిందంటారా?

ఆటోనగర్_వైండింగ్ | సోమవారం, ఉదయం 11.00

లేదండీ. మీది పెట్రోలు, డైనమో మీద పంపే ఉండదు. మీ రెండు బాధలూ వేరు వేరు. రాత్రి మంచుకో వానకో తడిసిన బెల్టు జారి కీచుమంటోంది, వేడెక్కాక పట్టుకుంటోంది. బెల్టు వదులో, గాజులా నున్నబడిందో చూడండి. ఎడమకు లాగడం అంటే కుడి ముందు చక్రం బ్రేకు సరిగా పట్టడం లేదని. ప్యాడ్లను నొక్కే కుడి కాలిపర్ పిన్నులు తుప్పు పట్టి కదలడం లేదేమో, ప్యాడ్ల మీద గ్రీజు పడిందేమో చూపించండి. ప్యాడ్లు మారిస్తే రెండు వైపులా కలిపి మార్చాలి.

పరకాల_దారి | గురువారం, రాత్రి 9.05

పని అయింది. నేను పక్కనే కూర్చుని చూశాను.

డైనమో వెనుక మూత తీయగానే లోపల రాగి రంగు ఎక్కడా లేదు, అంతా తారు పూసినట్టుంది. రెండు బ్రష్షుల్లో ఒకటి తన గూట్లో నూనె ముద్దకు అతుక్కుని స్ప్రింగు నెట్టినా కదలడం లేదు. వేలితో కదిపితే గానీ బయటికి రాలేదు. అంటే అది రోటర్ రింగును తాకీ తాకనట్టు ఉండేదట. సీలును చేతిలో పెట్టారు. రబ్బరు కాదది, ఎండిన కొబ్బరి చిప్పలా ఉంది. వంచితే పుటుక్కున విరిగింది.

బ్రష్షులు, డయోడ్ ప్లేటు, బేరింగులు, సీలు, రెక్కలు అన్నీ కొత్తవి. రోటర్ 3.1 ఓములు వచ్చింది, అదే ఉంచాం. కూలితో కలిపి 4,600. ఇరవై వేల మాట ఎక్కడ, ఇదెక్కడ. ఇప్పుడు 14.2 వోల్టులు, లైట్లు వేస్తే 13.9. పెడల్ పరీక్షలో కాలి కింద మెత్తగా దిగింది. బూస్టర్ గొట్టంలో తడి లేదు, కవాటం మంచిదే.

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఆదివారం అమ్మను తీసుకొస్తాను.

పరకాల_దారి | మూడు వారాల తరువాత, శనివారం, రాత్రి 7.50

మళ్ళీ వచ్చాను. మనసు బాగాలేదు. 1,100 కిలోమీటర్లు తిరిగాక నిన్న రాత్రి అదే దీపం, అదే అగరొత్తి వెలుగు. వెంటనే పక్కకు ఆపి చూస్తే డైనమో కింద కొత్త నూనె చుక్కలు. మీటరు 13.1. బ్రేకు ఇంకా బాగానే ఉంది గానీ నమ్మబుద్ధి కాలేదు, బండిని ఇంటి ముందే పెట్టేశాను. కొత్త సీలు ఇంత తొందరగా ఎలా పోయింది? నాసిరకం వేశారా?

నర్సంపేట_మిర్చితోట | శనివారం, రాత్రి 8.10

దిగులుపడకు తమ్ముడూ. మొదటిసారి సరైన చోటికే వచ్చావు, ఇంకేదో మిగిలిపోయింది. పెద్దవాళ్ళు చెబుతారు, ఆగు. ఆదివారం అమ్మను తేవడానికి బండి కావాలంటే నా బొలెరో పంపిస్తాను. మొహమాటపడకు.

ములుగు_టాక్సీ | శనివారం, రాత్రి 8.45

తప్పు సీలుది కాకపోవచ్చు. నాకూ రెండుసార్లు సీలు మార్చాకే అసలు సంగతి తెలిసింది. నూనె తిరిగి కిందికి పోయే లావు గొట్టం మార్చారా? అది మూసుకుపోతే పంపులోకి వచ్చిన నూనెకు పోయే దారి ఉండదు. లోపల నిండి, ఒత్తిడితో సీలును తోసుకుని బయటికి వస్తుంది. ఎన్ని సీళ్ళు వేసినా నెల రోజులే.

భూపాలపల్లి_గనిమెకానిక్ | శనివారం, రాత్రి 9.30

దానికి తోడు ఇంకొకటి చూడండి. గనుల్లో పెద్ద డీజిల్ యంత్రాలకు మేము ఇదే ముందు చూస్తాం. ఇంజిను తిరుగుతుండగా నూనె పోసే మూత తీసి, దాన్ని బోర్లించి రంధ్రం మీద ఊరికే ఆనించండి. చిన్నగా అదిరితే ఫరవాలేదు. ఎగిరిపడితే ఇంజిను కడుపులో గాలి ఒత్తిడి ఎక్కువగా ఉందని అర్థం. పిస్టన్ రింగులు అరగడం వల్ల కావచ్చు, ఆ గాలి బయటికి పోయే ఊపిరి గొట్టం మూసుకుపోవడం వల్ల కావచ్చు. కడుపులో ఒత్తిడి ఉంటే పంపు నుంచి నూనె కిందికి దిగదు. గొట్టం బాగున్నా ఫలితం అదే.

పరకాల_దారి | సోమవారం, సాయంత్రం 6.20

దొరికింది.

మూత పరీక్షలో అదురుడు తప్ప ఎగరలేదు, ఊపిరి గొట్టం శుభ్రంగా ఉంది. లావు గొట్టం తీశాం. బయటికి కొత్తగా, నల్లగా నిగనిగలాడుతోంది. ఊదితే గాలి అతి కష్టం మీద పోయింది. బ్లేడుతో నిలువునా కోశాను. లోపలి పొర బయటి పొర నుంచి విడిపోయి, నాలుకలా మడతపడి దారికి అడ్డంగా పడుకుని ఉంది. మిగిలిన సందులో అగ్గిపుల్ల కూడా దూరలేదు. గొట్టం మీద అక్షరాలు చదివితే అది నీళ్ళకు వాడే రకం. రెండేళ్ళ క్రితం ఎక్కడో పగిలితే ఎవరో చేతికి దొరికిన గొట్టం వేశారు. నూనెకు దాని లోపలి రబ్బరు కరిగి ఊడింది.

ఇంజినాయిల్‌కు పనికివచ్చే గొట్టం తెచ్చి, ఎక్కడా వంపులో నలగకుండా పొడవు చూసి వేశాం. సీలు, బ్రష్షులు మళ్ళీ కొత్తవి. మూడు వారాల క్రితం వేసిన సీలు మీద ఒక్క గీత కూడా లేదు, అన్యాయంగా అనుమానించాను.

ఆటోనగర్_వైండింగ్ | సోమవారం, సాయంత్రం 7.00

ఈ తప్పులో నా వాటా ఉంది. మొదటి రోజే గొట్టం మార్చమని రాసి ఉండాల్సింది. డైనమో బల్ల మీదికి వచ్చాక దాన్నే చూస్తాం, బండిలో మిగిలిపోయిన గొట్టం కంటికి కనిపించదు. ఇక నుంచి నా షెడ్డులో పంపు సీలు మార్చిన ప్రతి బండికీ ఆ గొట్టం ఊది చూడనిదే పంపను.

పరకాల_దారి | బుధవారం, రాత్రి 9.15

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. ఇప్పుడు పీల్పు బాగా వస్తోంది గానీ పెడల్ ముందుకంటే లోతుకు పోతోంది. రెండుసార్లు తొక్కితే పైకి వస్తుంది. బ్రేకు డబ్బాలో ద్రవం వారంలో వేలి మందం తగ్గింది.

కాజీపేట_డీజిల్‌షెడ్ | గురువారం, ఉదయం 6.00

ద్రవం తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. నాలుగు చక్రాల లోపలి వైపు చూడు. ముందు చక్రాల దగ్గర తడి లేకపోతే వెనుక డ్రమ్ములు విప్పించు. వీల్ సిలిండర్ రబ్బరు టోపీని కొంచెం ఎత్తితే ద్రవం చిప్పిల్లుతుంది. ఇన్నాళ్ళూ పెడల్ గట్టిగా ఉండి ఈ లోపం బయటపడలేదు. కారే సిలిండర్‌తో ఒక్క రోజు కూడా నడపవద్దు, అది తోడు పోవడం కాదు, బ్రేకే పోవడం.

పరకాల_దారి | శనివారం, సాయంత్రం 5.30

చెప్పినట్టే ఎడమ వెనుక సిలిండర్. డ్రమ్ము ఊడదీస్తే బ్రేకు షూల మీద ద్రవం, ధూళి కలిసి బురద. రెండు వైపులా సిలిండర్లు, షూలు మార్చాం. పాత ద్రవం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. మొత్తం తీసి డాట్ 4 పోసి, చక్రం చక్రానికీ బ్రేకు గొట్టంలో చిక్కిన గాలి తీయించాం. ఎప్పుడు మార్చారో నాన్నగారి పుస్తకంలో వెతికితే 2017 అని ఉంది. రెండేళ్ళకోసారి మార్చాలని అదే పుస్తకం అట్ట లోపల ఆయన చేతిరాతతో ఉంది.

పరకాల_దారి | రెండు నెలల తరువాత, ఆదివారం, రాత్రి 8.40

3,400 కిలోమీటర్లు. ఎండలు 44 డిగ్రీలు దాటిన వారమంతా నడిపాను. పొద్దున ఆపి ఉన్నప్పుడు 12.6, నడుస్తుండగా 14.1. ఇంజినాయిల్ పై గీత నుంచి కదలలేదు. డైనమో కింద పాత గుడ్డ ఒకటి కట్టి ఉంచాను, పొడిగానే ఉంది. ఈ రోజు పరకాల నుంచి వస్తుంటే గూడెప్పాడ్ దగ్గర గొర్రెల మంద అడ్డొచ్చింది. కాలు అలా ఆనించగానే ఆగింది. అమ్మ నిద్రలోంచి లేవలేదు.

జనగామ_800 | ఆదివారం, రాత్రి 9.10

సంతోషం. నాది కూడా తేలింది: బెల్టు 280 రూపాయలు, కుడి కాలిపర్ పిన్ను తుప్పు. ఇప్పుడు తిన్నగా ఆగుతోంది. ఆ లావు గొట్టం లోపలి కొలత ఎంతో రాయగలరా? మా బావగారిదీ డీజిల్ ఇండికానే, రేపు చూడమంటాను.

పరకాల_దారి | ఆదివారం, రాత్రి 9.25

కొలత రాస్తే పొరపాటు పడవచ్చు. పాత ముక్కను చేత్తో పట్టుకెళ్ళి, పక్కన పెట్టి సరిచూసి తెమ్మనండి. గొట్టం మీద నూనెకు అని రాసి ఉందో లేదో దుకాణంలోనే చదవమనండి. నీళ్ళ గొట్టం ఇస్తే తిరిగి ఇచ్చేయమనండి. కోసిన ముక్క నా దగ్గరే ఉంది, కావాలంటే రేపు పగటి వెలుగులో ఫోటో తీసి పెడతాను.